బిరడా వాసనకి కళ్ళజోడు

సన్యాసమ్మ చేతిలో బిరడా పొడైపోయింది. జరిగిన తప్పల్లా అదే. ఆ పొడి వైను సీసాలో పడింది. సాయంత్రానికల్లా, రాజావారి చలవగది తాళాలు చూసుకునే ఆమె ఇరవై ఏళ్ళ కొలువుకి ముప్పొచ్చింది.

వేణుగిరి రాజా జగపతిదేవుగారికి ఆ ఏడు తెల్ల వైను పిచ్చి పట్టింది. ఫ్రాన్సు నుంచీ జర్మనీ నుంచీ గత మూడేళ్ళ పంటల సీసాలు ఓడలో తెప్పించారు. తీరా తాగితే ఆయనకి అన్నీ పుల్లగానే ఉన్నాయి. రాజన్నవాడు ఆ మాట పైకి అనగలడా? అందుకని ఏది గొప్పదో తేల్చి చెప్పడానికి, పారిస్‌లో ఎనిమిది నెలలుండి వచ్చిన మార్తాండరావుని నియమించుకున్నారు.

ఆయన వైను రుచి చూస్తుంటే కొలువంతా గుడ్లప్పగించి చూసేది. పేరు కాగితం కనబడకుండా సీసాకి తువ్వాలు చుట్టాలి. సన్యాసమ్మ బిరడా లాగి వెండి పళ్ళెంలో పెట్టాలి. మార్తాండరావు జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకునేవాడు. బిరడాని ముక్కు దగ్గర అటూ ఇటూ తిప్పి, గట్టిగా ఊపిరి పీల్చి, కళ్ళజోడు తీసేసేవాడు. తర్వాత ఒక్క గుక్క పుక్కిలించి తమ్మపడిగలో ఉమ్మేవాడు.

“షాబ్లీ. తొంభై రెండో సంవత్సరపు పంట. ఆ ఏడు ద్రాక్ష కొంచెం అలిగింది.”

తువ్వాలు విప్పితే కాగితం మీద అదే పేరు, అదే ఏడు!

“నాకూ అలిగినట్టే అనిపించింది సుమండీ,” అనేవారు దివానుగారు.

మొదటి రోజే జర్మనీ సీసా ఒకటి పట్టుకుని మార్తాండరావు ఊగిపోయాడు. “రైన్ నది ఒడ్డుది, తొంభై మూడు! అన్నిట్లోకీ నేనే ఏరి తీశాను మహారాజా. దీన్ని మండుటెండలో పెట్టినా చెడదు. ఇది బాగాలేదన్నవాడికి నాలుకే లేదు!”

ఇక బిరడా పొడైన రోజు. పళ్ళెంలో చిటికెడు పొడి తప్ప మరేం లేదు. మార్తాండరావు కళ్ళజోడు పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. వైను పుక్కిలించాడు. నుదురంతా చెమట.

“పాడైపోయింది!” అని అరిచాడు. “ఈ మనిషి తడి ఇసుకలో పాతిపెట్టి వైనుని చంపేసింది. చింతపండు జాడీలు చూసుకునేదానికి చలవగది తాళాలా?”

“మా తాతలనాటి ఇసుకే బాబుగారూ. మొన్నటిదాకా బాగానే ఉందిగా?” అంది సన్యాసమ్మ.

“ఎదురు చెబుతావా?”

రాజావారు చెయ్యెత్తారు. “శుక్రవారం ఇంకో సీసా తే. అదీ పాడైందంటే తాళాలు అప్పగించి ఇంటికెళ్ళు.”

సన్యాసమ్మ ఏడుస్తూ కూర్చోలేదు. చలవగదికెళ్ళి, పాడైందన్న వైను ఒక చుక్క నాలిక మీద వేసుకుంది. తక్కిన వాటిలాగే పుల్లగా ఉంది. మరి దీన్ని మాత్రం ఎందుకు తిట్టాడు? తక్కిన వాటికి ఉండి దీనికి లేనిదేమిటి?

బిరడా!

నూనె సీసాలకి పనికొస్తాయని పాత బిరడాలన్నీ బుట్టలో దాచింది. ఒకటి తీసి వెలుతురుకి పట్టింది. ఒంటి మీద కాల్చి వేసిన అచ్చు. ఖాళీ సీసా మీది కాగితం పక్కన పెట్టింది. ఆమెకి చదువు రాదు, కానీ రెండు ముద్రలూ ఒకటేనని చెప్పడానికి చదువెందుకు? వైను చేసేవాళ్ళు ఊరి పేరూ పంట ఏడూ కాగితం మీదే కాక బిరడా మీద కూడా వేస్తారన్నమాట.

సన్యాసమ్మ మొదటి రోజు ఆయన ఊగిపోయిన రైన్ సీసా గుర్తుపట్టి, దాని కాగితంతో పోల్చి బిరడా వెతికి పట్టుకుంది. తర్వాత మూలనున్న కుండకేసి చూసింది.

శుక్రవారం కొలువు నిండిపోయింది. తువ్వాలు చుట్టిన సీసా తెచ్చి, బిరడా లాగి పళ్ళెంలో పెట్టింది. మార్తాండరావు కళ్ళజోడు పెట్టుకున్నాడు. ముఖం వెలిగింది. కళ్ళజోడు తీసి, గుక్క తాగి, ఒక్క క్షణం ఆగాడు. కనుబొమలు కాస్త పైకి లేచాయి.

“ఇదీ పాడైందంటారా బాబుగారూ?” అంది సన్యాసమ్మ, ఎంతో వినయంగా.

“ఛీ, నోర్ముయ్! ఇది రైన్. తొంభై మూడు!” ఆయన ఉమ్మలేదు, మింగేశాడు. “తడిసిన రాయి, పచ్చి మామిడి, చివర్లో ఏదో... ఏదో పురాతనమైన గాంభీర్యం! మూడేళ్ళ పంటల్లోనూ దీనికి సాటి లేదు.”

“నాకూ రాయి తగిలింది,” అన్నారు దివానుగారు గ్లాసు దించుతూ.

“తువ్వాలు విప్పు,” అన్నారు రాజావారు.

విప్పింది. వంటింటి ఆముదం సీసా, శుభ్రంగా తోమి ఉంది.

“ఏమిటే ఇది?”

“తరవాణి మహారాజా. అన్నం కుండలో పులిసిన నీళ్ళ తేట. మావాళ్ళు పొద్దున్నే తాగి పొలానికెళ్తారు.”

మార్తాండరావు ఎగిరి లేచాడు. “మోసం! దగా! బిరడా మీద రైన్ అని స్పష్టంగా అచ్చేసి ఉంటేనూ!”

అందరూ పళ్ళెంలోని బిరడాకేసి చూశారు. సన్యాసమ్మ తల వంచుకునే అంది:

“అదా సంగతి! వాసన చూడ్డానికి కళ్ళజోడెందుకా అని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను బాబుగారూ.”

ముందు రాజావారే నవ్వారు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, “మొదట్నుంచీ నాకన్నీ పుల్లగానే ఉన్నాయయ్యా!” అన్నారు హాయిగా.

“నాకూ పులుపే, పులుపే,” అన్నారు దివానుగారు. కొలువంతా మళ్ళీ ఘొల్లుమంది. ఆ నవ్వుల్లోనే మార్తాండరావు కళ్ళజోడు మరిచిపోయి జారుకున్నాడు.

రాజావారు వేలి ఉంగరం తీసి సన్యాసమ్మ చేతిలో పెట్టారు. “ఇక నుంచి వైను రుచి చూసే ఉద్యోగం కూడా నీదే.”

“వద్దు మహారాజా. నా తాళాలు నాకు చాలు.”

తాళాలతోపాటు ఒక నిర్ణయం కూడా ఆమె బొడ్లో దోపుకుంది. కొలువులో ఉన్నన్నాళ్ళూ దాన్ని తప్పలేదు. పారిస్ నుంచి ఎంతటివాడు వచ్చినా సరే, లాగిన బిరడాని ముందు కొంగున ముడేసుకున్నాకే గ్లాసు నింపేది.