కొత్వాలు ఇంట్లో నల్లమందు

పూలగిరి రాజ్యంలో నల్లమందును నిషేధించారు. ఎవరింట్లో దొరికినా చెరసాలే. బుట్టలల్లే ఓబులమ్మ భర్త వెదురు కొట్టబోయి గుట్ట మీంచి పడ్డాడు. విరిగిన నడుంతో అల్లాడిపోతుంటే, వైద్యుడు జాలిపడి ఆవగింజంత నల్లమందు ఇచ్చాడు. అది కొత్వాలు దండపాణి కంటబడింది. ఓబులమ్మను రాజుగారి ముందుకు ఈడ్చుకొచ్చాడు.

"అయ్యా, అది నొప్పి కోసం..." అంది ఓబులమ్మ.

"ఎందుకోసమన్నది చట్టానికి అనవసరం! ఇంట్లో ఉందా లేదా, అంతే!" అని గర్జించాడు కొత్వాలు.

రాజు తలూపాడు. భర్తకు గంజి పోసే దిక్కెవరని ఓబులమ్మ గుండె జారిపోయింది. అయినా తమాయించుకుని, "ఊళ్లో పట్టుకున్న నల్లమందంతా ఎక్కడ పెట్టారు బాబూ?" అని అడిగింది.

"మా ఇంట్లోనే, గదినిండా ఉంది!" అంటూ మీసం దువ్వాడు కొత్వాలు.

"అయితే పదండి, చెరసాలకు కలిసే పోదాం."

కొత్వాలు అదిరిపడ్డాడు. "నేను పెట్టింది కాపలా కోసం!"

"చూశారా మహారాజా! ఎందుకోసమో ఇప్పుడు ఆయనే చెబుతున్నారు," అంది ఓబులమ్మ.

రాజు పగలబడి నవ్వాడు. సభంతా గొల్లున నవ్వింది. వైద్యుడు నొప్పికిచ్చిన నల్లమందు ఇకపై నేరం కాదని రాజు అప్పటికప్పుడు దండోరా వేయించాడు. ఓబులమ్మ తనకు తిరిగిచ్చిన మందు పొట్లాన్ని కొంగున ముడేసుకుని ఇంటికి పరుగెత్తింది. చాన్నాళ్ల తర్వాత ఆమె భర్త కంటినిండా నిద్రపోయాడు.