పత్తి గదిలో మాణిక్యం

ఇటు తిరిగి పడుకో తల్లీ. కాళ్ళు దుప్పట్లో పెట్టు. మీ క్లాసులో చేరిన కొత్తపిల్ల ఎవరితోనూ కలవదనీ, గంట కొడితే చెవులు మూసుకుంటుందనీ చెప్పావే. దానికి డాక్టర్లు ఏదో పేరు పెట్టారటగా, ఆస్పర్జర్సో ఏమో, నా నోరు తిరగదు. ఆ పేరు ఎవరికీ తెలియని రోజుల కథొకటి చెప్తాను, ఊఁ కొడుతూ విను.

అనగనగనగా, చేలన్నీ తెల్లగా విచ్చుకునే ఒక పత్తి ఊళ్ళో, మాణిక్యం అని ఒక పిల్ల ఉండేది. ఆ ఊళ్ళో ఏరిన పత్తిని అమ్మేదాకా ఇంట్లోనే ఒక గదిలో పోసేవాళ్ళు. నేల నుంచి దూలాల దాకా పత్తే. లోపలికి వెళ్తే ఒక్క చప్పుడు వినపడదు. మబ్బుని తెచ్చి ఇంట్లో దాచుకున్నట్టు ఉండేది.

ఎదురింటి ఆదిలక్ష్మి వాళ్ళ పత్తి గది గుమ్మం అంటే మాణిక్యానికి ప్రాణం. రోజూ వెళ్ళి అక్కడే కూర్చునేది. ఎందుకంటే దానికి చప్పుడు పడదు. ఎవరైనా బుగ్గ గిల్లితే ఏడుపొచ్చేస్తుంది. మాట్లాడేటప్పుడు మన మొహంలోకి చూడదు. ఏం చెప్తే అదే పట్టుకుంటుంది. వాళ్ళ నాన్న ఓసారి కదలకుండా కూర్చోమంటే, దోమలు కుడుతున్నా కదల్లేదట. జనం పొగరన్నారు, మొద్దన్నారు. వాళ్ళ నోటికి తాళం ఎవరేస్తారు? పొగరూ కాదు, మొద్దూ కాదు. దాని తీరు అది, అంతే.

దానికి ఒకటే కోరిక, పిల్లలతో దాగుడుమూతలు ఆడాలని. మొదటి రోజు అడిగితే నవ్వారు. రెండో రోజు అడిగితే పారిపోయారు. మూడో రోజు ఆదిలక్ష్మికి జాలేసి రమ్మంది. ఆ రోజు ఆదిలక్ష్మే దొంగ. దొంగంటే తెలుసుగా, కళ్ళు మూసుకుని, తర్వాత అందర్నీ వెతికి పట్టుకోవాలి.

"నేనొచ్చి ముట్టుకునేదాకా పలక్కూడదు, బయటికి రాకూడదు" అని చెప్పింది ఆదిలక్ష్మి.

మాణిక్యం తలూపింది. తిన్నగా పోయి పత్తి గదిలో దూరింది.

అప్పుడు ఆదిలక్ష్మిని వాళ్ళమ్మ అట్లు తినడానికి పిలిచింది. ఆ తర్వాత మిగతా పిల్లలూ ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. ఆట అయిపోయిందని మాణిక్యానికి చెప్పాలని ఒక్కరికీ తోచలేదు. పాడు పిల్లలు.

దీపాలు పెట్టే వేళైంది. మాణిక్యం ఇంటికి రాలేదు. వాళ్ళమ్మ పున్నమ్మ వీధివీధీ పిలుచుకుంటూ తిరిగింది. ఆ పత్తి గదిలోకీ తొంగిచూసి పిలిచింది. తెల్లగా పత్తి తప్ప ఏమీ కనపడలేదు. మాణిక్యానికి అమ్మ పిలుపు వినపడింది. కానీ పలక్కూడదు కదా, పలకలేదు.

అప్పుడు మగవాళ్ళు కర్రలు పట్టుకుని కాలువ దగ్గరికి వెళ్ళారు. నీళ్ళలో వెతికారు. గట్టు మీద పున్నమ్మ ఏడుపు చూడలేకపోయారు.

ఆ తర్వాత పిల్ల కనపడటం లేదని డప్పు వేయించారు. ఆ మోతకి మాణిక్యం చెవులు గట్టిగా మూసుకుని ఇంకా లోపలికి దూరింది. దూరేకొద్దీ పైనున్న పత్తి జారి మీద పడింది. ఊపిరాడటం కష్టమైంది తల్లీ. అయినా మాట ఇచ్చింది కదా, కదల్లేదు.

ఆదిలక్ష్మి మిగిలిన అట్టు ముక్క చేతిలో పట్టుకుని వాళ్ళ అరుగు మీద నిలబడి ఉంది. కాలువ నుంచి తిరిగొచ్చిన పున్నమ్మ ఎదురింటి గుమ్మంలో కూలబడటం చూసింది. దానికి ఒక్కసారిగా ఆట గుర్తొచ్చి అరిచింది.

"డప్పు ఆపండి. అది పిలిస్తే రాదు, దానికి ఆట ఇంకా అవలేదు. దొంగని నేను. నేనింకా వెతకనేలేదు."

డప్పు ఆగింది. మాణిక్యానికి ప్రాణమైన చోటు తెలుసు కనుక ఆదిలక్ష్మి తిన్నగా పత్తి గదికే నడిచింది. పత్తి దగ్గరికి దీపం తేకూడదు కనుక లాంతరు గుమ్మం అవతలే పెట్టారు. ఆ వెలుగులో దూది పింజలు గాల్లో తేలుతున్నాయి, నిద్రలో కనపడే చుక్కల్లాగ. ఆదిలక్ష్మి నెమ్మదిగా, చప్పుడు చెయ్యకుండా, గుప్పెడు గుప్పెడు పత్తి తీసింది. ఒక జడ కనపడింది. తర్వాత ఒక చెవి కనపడింది. తర్వాత రెండు కళ్ళు, తెరిచే ఉన్నాయి.

గభాల్న లాగబోయి ఆగింది ఆదిలక్ష్మి. మాణిక్యానికి ముట్టుకుంటే పడదుగా. మరి ముట్టుకోకపోతే ఆట అవదాయె. అందుకని అరచెయ్యి చాపి పత్తి మీద పెట్టి, ఊరుకుంది.

కాసేపటికి పత్తిలోంచి ఒక చిటికెన వేలు వచ్చింది. ఆ అరచేతిని తాకింది.

"నాకోసం ఇంతసేపూ వెతికావా?" అంది మాణిక్యం. దాని మొహం వెలిగిపోతోంది.

ఆదిలక్ష్మి వెక్కి వెక్కి ఏడ్చింది.

పున్నమ్మ పరుగెత్తుకొచ్చింది. వాటేసుకోలేదు. పక్కన కూర్చుని, తన కొంగు చివర దాని చేతిలో పెట్టింది. మాణిక్యానికి అదే ఇష్టం. ఆ కొంగు పట్టుకునే ఇంటికి నడిచింది.

అప్పట్నించీ ఆ ఊళ్ళో ఏ పిల్లా ఆట మధ్యలో ఇంటికి పోదు. దాక్కునే చోటల్లా తిరిగి, అరవకుండా, 'ఆట అయిపోయింది, రండి' అని చెప్పి మరీ పోతుంది.

రేపు నువ్వూ ఆ కొత్తపిల్ల పక్కన ఊరికే కూర్చో. తొందరపెట్టకు.

ఊఁ ఏదీ? కళ్ళు వాలిపోతున్నాయా? సరే, నేనూ చెప్పేస్తున్నాను, కథ అయిపోయింది.

దాగిన పిల్ల దొరికింది,
పత్తి మబ్బు కరిగింది,
కథ కంచికి నడిచింది,
కన్ను నిద్దరకి ఒరిగింది.