ఖాళీ కుండలో చింతపిక్క

అనగా అనగా ఒక రాజ్యం. లెక్క వచ్చినవాళ్ళూ, వచ్చినట్టు తల ఊపేవాళ్ళూ అక్కడ కలిసే బతికేవారు. ఎవరు ఎవరో చూడగానే తెలిసేది కాదు.

ఆ రాజ్యానికి తూర్పున ఉన్న కొండల్లో ఎర్రక్క అనే ఆవిడ మూలికలు తవ్వుకుని బతికేది. ఏ వేరు ఏ జబ్బుకో వాసన చూసి చెప్పేది. ఆమెకు ఒక్కతే కూతురు. పేరు నీలి. తొమ్మిదేళ్ళది.

నీలికి ఏటా తొలకరితో పాటు జ్వరం వచ్చేది. ఆ జ్వరానికి చేదుగడ్డ పొడి ఒక్కటే మందు. కొలత మించితే ఆ పొడే విషం.

ఆ ఏడు కొండకు వచ్చిన వైద్యుడు ఒక గవ్వ నిండా పొడి పోసి చూపించాడు. పెద్దవాళ్ళకు ఇంత అన్నాడు. పిల్లకు మొదటి రోజు ఇందులో నాలుగో వంతు, రెండో రోజు ఆరో వంతు ఇమ్మన్నాడు. అర్థమైందా అని అడిగాడు. ఎర్రక్క తల ఊపింది. ఆయన తన దారిన తాను వెళ్ళిపోయాడు.

మొదటి రోజు ఆమె కంటికి తోచినంత ఇచ్చింది. రెండో రోజు కాసేపు ఆలోచించింది. నాలుగు కంటే ఆరు పెద్దది. అందుకని ఎక్కువ ఇచ్చింది.

నీలి మూడు రోజులు కళ్ళు తెరవలేదు. నాలుగో రోజు తెరిచింది. అప్పటి నుంచి పిల్లకు కుడిచెవి వినపడలేదు. ఎవరు పిలిచినా ఎడమ చెవి అటు తిప్పి వినేది.

ఎక్కడ తప్పు జరిగిందో ఎర్రక్కకు తెలియలేదు. చెప్పినట్టే చేశాననుకుంది. పంట కోతలయ్యాక పిల్లను చెల్లెలు గంగి దగ్గర ఉంచి, రాజధానిలోని వైద్యశాలకు నడిచి వెళ్ళింది. మందు సరిగ్గా కొలిచి పొట్లాలు కట్టివ్వమని అడిగింది.

"కట్టిస్తాం," అన్నాడు ద్వారం దగ్గరి పండితుడు. "పిల్ల పెరుగుతుంది. జ్వరం ఒక ఏడు ఉన్నట్టు ఇంకో ఏడు ఉండదు. కొలత మారినప్పుడల్లా ఇంత దూరం నడిచి వస్తావా?"

అయితే నేర్పించమంది ఎర్రక్క. ఆయన ఆమెను మూడు లెక్కలు అడిగాడు. మూడూ తప్పాయి. దిగువ సాలకు పొమ్మన్నాడు.

వైద్యశాలలోని పై సాలలో వైద్యం చెప్పేవారు. దిగువ సాలలో కూడిక దగ్గర నుంచి చెప్పేవారు. వైద్యం నేర్వాలనుకుని లెక్క దగ్గర ఆగిపోయిన పెద్దవాళ్ళంతా అక్కడ కూర్చునేవారు. మీసాలు నెరిసినవాళ్ళు కూడా పలకలు పట్టుకునేవారు. పై సాలవాళ్ళు వాళ్ళను పిక్కలవాళ్ళు అని పిలిచేవారు. దానికి కారణం ఉంది.

దిగువ సాలలో చెప్పే వేదాద్రి పంతులు రోజూ పొద్దున్నే ఒక్కొక్కరి చేతిలో గుప్పెడు చింతపిక్కలు పోసేవాడు. వాకిలి పక్కన ఇరుకు మూతి కుండ ఒకటి పెట్టేవాడు. పాఠం అర్థం కానివాళ్ళు వెళ్ళేటప్పుడు అందులో ఒక పిక్క వేస్తే చాలు. ఎవరు వేశారని ఆయన అడగడు. మర్నాడు అదే పాఠం మళ్ళీ చెబుతాడు.

పన్నెండేళ్ళుగా ఆ కుండ ఖాళీగానే ఉంది. మట్టికుండలో పిక్క పడితే టక్కుమంటుంది. ఆ చప్పుడుకు అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. అంతకంటే ఏమీ లేదు.

ఎర్రక్క కూడా రెండు నెలలు తల ఊపింది. ఆమెకు ఒక పక్క మంత్రిగారి మేనల్లుడు వీరబాహు కూర్చునేవాడు. ఎక్కాలన్నీ ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేవాడు. ఇంకో పక్క పాములవాడు నరసడు కూర్చునేవాడు. ఏమీ రాకపోయినా వచ్చినవాడిలాగే నవ్వేవాడు.

మొదటి పరీక్షలో పంతులు ఒకే ప్రశ్న అడిగాడు. నాలుగో వంతు పెద్దదా, ఆరో వంతు పెద్దదా? ఎర్రక్క ఆరో వంతని రాసింది. నరసడు ఆమె పలకలోకి చూసి అదే రాశాడు. ఇద్దరికీ తప్పింది. నాలుగో వంతే పెద్దదని పంతులు చెప్పాడు. ఎందుకో కూడా చెప్పాడు. అర్థమైందా అన్నాడు. సాలంతా అయిందంది.

వెళ్ళేటప్పుడు ఎర్రక్క కుండ దగ్గర ఆగింది. చేతిలో పిక్క చెమటకు తడిసింది. కొండ మీద వైద్యుడి ముందు తాను తల ఊపిన సంగతి ఆమెకు గుర్తొచ్చింది.

పిక్క వేసింది. టక్కుమంది.

అందరూ తిరిగి చూశారు. "ఏం కొండక్కా, పులుసు పెడతావా? ఒక్క పిక్క చాలదు," అన్నాడు నరసడు. వీరబాహు పెద్దగా నవ్వాడు. పంతులు మాత్రం కుండ బోర్లించి, ఆ పిక్కను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

మర్నాడు ఆయన రెండు జొన్నరొట్టెలు తెచ్చాడు. ఒకటి నలుగురికి సమంగా పంచమన్నాడు. ఇంకొకటి ఆరుగురికి పంచమన్నాడు. ఎర్రక్క పంచింది. పంచి, రెండు ముక్కలు రెండు చేతుల్లో పట్టుకుంది.

"ఏది చిన్నదమ్మా?" అన్నాడు పంతులు.

"ఆరుగురికి పంచిందే."

ఇంత చిన్న సంగతికి ఒక రోజు పాడైందని వీరబాహు గొణిగాడు. ఎర్రక్క వినలేదు. ముక్కలు పలక మీద పెట్టి బయటికి వెళ్ళి, గోడవారన కూర్చుంది. రెండో రోజు తాను నీలికి ఏం చేసిందో ఆమెకు అప్పుడు తెలిసింది. ఎండ గోడ దిగేదాకా అక్కడే ఉండి, తిరిగి లోపలికి వచ్చింది.

ఆ రోజు నుంచి ఆమె అర్థం కాని ప్రతి రోజూ పిక్క వేసేది. కొన్నాళ్ళకు కుండలో రెండు పిక్కలు కనిపించసాగాయి. రెండోది ఎవరిదో పంతులు అడగలేదు. నరసడు మాత్రం పులుసు మాట మళ్ళీ ఎత్తలేదు.

రెండో పరీక్షలో ఎర్రక్క ఒక్కో లెక్కా పిక్కలు పరిచి చేసింది. చేసినవన్నీ ఒప్పే. పూర్తయ్యేలోగా గంట కొట్టారు. వీరబాహు సగం సమయంలోనే ముగించి బయట పచార్లు చేశాడు. అతనివి అన్నీ ఒప్పే.

మూడో పరీక్ష నాటికి మబ్బులు పట్టాయి. పై సాల తలుపు తెరిచేది ఈ పరీక్షే. ఇందులో పలక ఉండదు. ఆ రోజు పిలుపు వచ్చిన వీరబాహు, నరసడు, ఎర్రక్కల ముందు పంతులు మూడు తామరాకులు పరిచాడు. ఒక్కో ఆకు మీద గవ్వెడు చేదుగడ్డ పొడి పోశాడు.

"నేను ముసలివాణ్ణి. నాకు ఇందులో మూడో వంతులో సగం ఇవ్వాలి. కొలిచి నీళ్ళలో కలపండి. మీరు కొలిచింది నేను తాగుతాను," అన్నాడు.

పొడిని గీతలా పరిచి, ఈనెపుల్లతో ముక్కలు కోసి కొలవడం అక్కడి పద్ధతి. వీరబాహు అందరికంటే ముందు ముగించాడు. మూడూ రెండూ ఐదు కాబట్టి ఐదు ముక్కలు చేసి ఒకటి కలిపాడు.

"తాగనా?" అన్నాడు పంతులు.

"నిశ్చింతగా తాగండి."

పంతులు ఆ గిన్నె పక్కన పెట్టాడు. "ఇది ఐదో వంతు నాయనా. నేను తట్టుకుంటానేమో. నా స్థానంలో పసిపిల్ల ఉంటే తట్టుకోదు."

నరసడు గిన్నె అందించబోయి ఆగాడు. తాగనా అని పంతులు అడగకముందే వద్దన్నాడు. పాము కరిస్తే విరుగుడు ఉంది గానీ తన కొలతకు లేదని చెప్పి, గిన్నె పారబోశాడు. సాలంతా నవ్వింది. పంతులు నవ్వలేదు. వచ్చే ఏడు కూడా రమ్మన్నాడు.

ఇంతలో ఉరిమింది. తొలి చినుకు రాలింది. ఎర్రక్క మనసు కొండకు పోయింది. చెయ్యి తొందరపడింది. గీతను మూడు ముక్కలు చేసింది. ఒక ముక్కను మళ్ళీ రెండు చేసింది. గిన్నెలో వేసింది.

"తాగనా అమ్మా?"

పంతులు గిన్నెను పెదవుల దాకా తీసుకున్నాడు. పై సాల తలుపు అక్కడే ఉంది. తాగండి అంటే చాలు.

"ఆగండి పంతులుగారూ. ఒక్కసారి మళ్ళీ లెక్కపెట్టుకుంటాను."

పొద్దుగూకేదాకా లెక్కపెట్టుకోమన్నాడు వీరబాహు. ఎర్రక్క చీరచెంగు ముడి విప్పి ఆరు పిక్కలు నేల మీద వరసగా పెట్టింది. మూడో వంతులో సగమంటే ఆరో వంతు. గిన్నెలో ఒకటి పడితే ఆకు మీద ఐదు మిగలాలి. ఆకు మీద పెద్ద ముక్కలు రెండే ఉన్నాయి. ఒక్కోదానికి రెండేసి పిక్కలు పెట్టింది. నాలుగే అయ్యాయి.

సగం కోసి, రెండు సగాలూ గిన్నెలో వేసేసింది.

ఆమె ఆ గిన్నె పారబోసింది. మిగిలిన పెద్ద ముక్కల్లో ఒకదాన్ని రెండు చేసి, ఒక సగం మాత్రం కొత్త నీళ్ళలో కలిపింది. పిక్కలు మళ్ళీ లెక్కపెట్టింది. అప్పుడు, తాగండి పంతులుగారూ అంది. ఆయన తాగాడు. చేదుగా ఉందన్నాడు. పై సాల తలుపు తెరవమని మనిషిని పంపాడు.

ఎర్రక్క వానలు వెలిశాక వస్తానని చెప్పి, ఆ వానలోనే బయలుదేరింది.

ఆమె చేరిన మూడో రోజు నీలికి జ్వరం వచ్చింది. కిందటేటి కంటే పిల్ల చిక్కిపోయి ఉంది. అందుకని, పిల్ల చిక్కితే ఇంత ఇమ్మని పంతులు చెప్పి పంపినట్టు మొదటి రోజు ఆరో వంతు ఇచ్చింది. రెండో రోజు పన్నెండో వంతు ఇవ్వాలి. ఆకు మీద పొడి పరిచి కూర్చుంటే గంగి పక్కకు వచ్చింది.

"అదేంటక్కా, ఆరు కంటే పన్నెండు ఎక్కువ కదా. మరీ అంత కొంచెం తీశావు?"

ఎర్రక్క చెల్లెలి మొహం చూసింది. కోప్పడలేదు. ఉట్టి మీంచి జొన్నరొట్టె తీసి ఆమె చేతిలో పెట్టి, మొదట ఆరుగురికి తుంచమంది. ఆ ముక్కలనే మళ్ళీ పన్నెండుమందికి తుంచమంది. అర్థమైందా అని అడగలేదు. తుంచేదాకా చూసింది.

నీలి చాప మీద నుంచి ఎడమ చెవి ఇటు తిప్పి, ఇంకా ఎంతసేపని అడిగింది.

"మూడుసార్లు లెక్కపెట్టానే తల్లీ. ఇంకొక్కసారి."

నాలుగోసారి కూడా లెక్క సరిపోయింది. నీలి మందు తాగింది. మర్నాటికి జ్వరం దిగింది. కుడిచెవి వినికిడి మాత్రం తిరిగి రాలేదు.

ఎర్రక్క మళ్ళీ రాజధానికి వెళ్ళేసరికి దిగువ సాల ముందు కొత్త కుండ ఉంది. పాతది నిండిపోయిందట.

తెలియలేదని చెప్పడానికి మనం సిగ్గుపడితే, ఆ సిగ్గుకు మరొకరు బలవుతారు.