ఊపిరమ్మ తల్లి వెలసిన విధం

గవ్వలపేట జాలరి రేవుకు ఉత్తరంగా, సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాతి కొన మీద ఊపిరమ్మ తల్లి కొలువై ఉంది. తల్లికి విగ్రహం లేదు. పసుపు పూసిన నల్లరాయి, దాని నడుమ పిడికిలి పట్టేంత రంధ్రం, అంతే. కింది గుహలోకి అల చొరబడినప్పుడల్లా ఆ రంధ్రంలోంచి "ఫుస్స్" మని గాలీ, నాలుగు తుంపరలూ పైకి వస్తాయి. మొదటిసారి వచ్చినవారు ఉలిక్కిపడతారు. కాసేపటికి చెయ్యి పెట్టి చూస్తారు. చూడవచ్చు, తల్లి ఏమీ అనదు.

పూర్వం ఈ రాతికి పేరూ లేదు, పూజా లేదు. ఆ రోజుల్లో పేటలో మసేనమ్మ అనే జాలరి ఇల్లాలు ఉండేది. ఆమె పెనిమిటి ఎర్రయ్య ఒంటరిగా తెప్ప మీద వేటకు వెళ్ళి, రెండు రోజులైనా తిరిగి రాలేదు. వెతకడానికి తెప్పలు సిద్ధం చేశారు గాని, రేవు ఎదుట నీళ్ళలో నల్లని రెక్కలు కనిపించేసరికి కులపెద్ద గురుములు అందరినీ ఆపేశాడు. అంతకు నెల ముందే అక్కడ ఒక సొరచేప మనిషిని లాక్కుపోయింది. ఆయన భయం ఉత్తది కాదు.

మసేనమ్మ ఏడుస్తూ వచ్చి ఈ రాతి మీద కూర్చుంది. ఆ రెక్కల వైపే చూసి చూసి ఎండకు సొమ్మసిల్లింది. ఆ మగతలో పసుపు చీర కట్టిన ముసలమ్మ ఒకామె కనిపించి, "కళ్ళతో చూసింది చాలు గాని, ఇక చెవులతో చూడవే" అందిట. మెలకువ వచ్చేసరికి పక్కన రాయి "ఫుస్స్" మంది. ఆమె కళ్ళు మూసుకుంది. కాసేపటికి దూరాన నీళ్ళ మీంచి కూడా అదే చప్పుడు!

అప్పుడు కళ్ళు తెరిచి, మళ్ళీ మొదటినుంచీ చూసింది. సొర రెక్క అయితే నీటిని తిన్నగా కోసుకుంటూ పోవాలి. ఇక్కడ ముందు తల, తరువాత వీపు, ఆ వెనక రెక్క, బండి చక్రం తిరిగినట్టు లేచి మునుగుతున్నాయి. సొర తోక నిలువుగా ఉండి పక్కలకు ఊగుతుంది. ఇదేమో చేటలా పరుచుకుని పైకీ కిందికీ కొడుతోంది. అన్నిటికీ మించి, సొర అన్నది చేప జాతి. గాలి కోసం పైకి రావలసిన అవసరం దానికి లేదు.

పరుగున రేవుకు వచ్చి గురుములుతో, "మావా, అయి సొరలు కావు" అంది.

"ఏటే మసేనీ, అంతేసి రెక్కలు కనబడట్నేదా నీకు?"

"కనబడతన్నాయి. ఇనబడతన్నాయి కూడా. సేప ఊపిరి తీసుకోడం నువ్వెప్పుడైనా ఇన్నావా?"

"సాల్లే! నీ ఒక్క మొగుడి కోసం నలుగురి పెళ్ళాల తాళ్ళు తెంపమంటావా?"

"అయితే ముందు తెప్పలో నన్నెక్కించు. కాళ్ళు నీళ్ళలో ఎట్టుకుని కూకుంటాను. సొరయితే ముందు నన్నే తింటాది. మీరు ఎనక్కొచ్చేయండి."

ఆడవాళ్ళు తెప్ప ఎక్కకూడదన్నది పేట కట్టుబాటు. అయినా గురుములు ఆమెను ముందు తెప్ప ఎక్కించాడు. తానే తెడ్డు అందుకున్నాడు. తెప్ప ఆ రెక్కల మధ్య నుంచే సాగింది. మూరెడు దూరంలో ఒకటి లేచి, ఆయన మొహాన తుంపరలు చిమ్మి మునిగింది. "ఓలమ్మ, దీని ఊపిరి మా యింటి వంటగదిలాగే సేపల కంపు కొడతందే!" అన్నాడట ఆయన. మనం ఇప్పుడు డాల్ఫిన్లంటున్నవి అవే. పొద్దు వాలే వేళకు, విరిగిన తెప్ప దుంగను కరుచుకుని తేలుతున్న ఎర్రయ్య దొరికాడు. ప్రాణం ఉంది. మసేనమ్మ ఒడ్డు చేరగానే ఇంట్లో ఉన్న పసుపంతా తెచ్చి ఈ రాతికి పూసింది.

ఈ సన్నిధిలో గంట కట్టరు. కళ్ళు మూసుకుని ఓపికగా కూర్చున్నవారికి సముద్రపు ఊపిరి వినబడుతుందనీ, నీళ్ళ మీద ఉన్న తమవారు క్షేమంగా ఇల్లు చేరతారనీ భక్తుల నమ్మకం. నేటికీ గవ్వలపేటలో ఎవరి పడవైనా రాకపోతే, ఆ ఇంటి ఆడమనిషి వచ్చి ఇక్కడ కూర్చుంటుంది. వెతకడానికి వెళ్ళాలా వద్దా అన్న మాట ఆమెదే. అంతవరకూ రేవులో పెద్దలెవరూ నోరు మెదపరు. ఆమె లేచి "పదండి" అంటే, ముందు పడవలో ఆమెకు చోటు వదిలాకే మగవాళ్ళు ఎక్కుతారు.