ఏటి రేవు మూసిన కాలం

నేల ఒక్కటే, రాజులు ముగ్గురు. ఏటికి ఇవతల సింహం, అవతల ఏనుగు, ఎగువ కొండల్లో పులి. ఒకరికొకరు పడరు. అయినా మూడు అడవుల జంతువులూ వచ్చి నాకేది గట్టు మీదున్న ఒకే ఉప్పురాయిని.

మొదటి దగ్గు ఆ రాయి దగ్గరే వినిపించింది. పదిరోజులు తిరిగేసరికి మూడు అడవులూ దగ్గుతున్నాయి. దగ్గు అన్న మాట ఎత్తితే చీల్చేస్తానంది పులి. ఏనుగు రేవు మూయించి, మందల్ని దూరదూరంగా నిలబెట్టి, ఆకుల కషాయం తాగించింది; అక్కడ దగ్గు తగ్గిపోయింది. సింహం నక్క మంత్రిని పిలిచి, "మన దగ్గర ఏమీ లేదని చెప్పు" అంది. బాగా జబ్బుపడినవాటిని నక్క ఒక గుహలోకి తోయించింది.

రేవు మూసిన రోజు ఒక అడవిగేదె ఇవతల చిక్కింది. దాని దూడ పిన్నమ్మ వెంట మేతకి పోయి అవతల చిక్కింది. అప్పటినుంచీ గేదె రోజూ పొద్దున్నే మోకాలిలోతు నీళ్ళలో నిలబడి అరిచేది. దూడ పలికేది. అంతే, ఆ రోజుకి అదే.

పౌర్ణమికి అవతల రాజుల సభ ఉంది. దగ్గు లేని అడవికే రేవు తెరుస్తామని ఏనుగు కబురంపింది, చూసి రమ్మని కొంగని పంపింది. నక్క ఇంటింటికీ అతిమధురం వేర్లు పంచింది, దగ్గు ఆపుకోవడానికి.

"గేదమ్మా, ఇది నములుతూ ఉండు. మధ్యాహ్నానికి నీ బిడ్డని నాకుతుంటావు."

"నాకు గొంతులో గరగర ఉంది, మంత్రిగారూ."

"అందరికీ ఉంది. నోరు మూసుకుంటే పోతుంది."

రేవు దగ్గర సింహం ముందు బారులు తీరిన జంతువుల వరస వెంట కొంగ నడిచింది. ఒక్కరూ దగ్గలేదు. గేదె ముందు ఆగింది.

"నీకెలా ఉందమ్మా?"

గేదె ఏటి వైపు చూసింది. అవతల దూడ నీళ్ళలోకి రెండడుగులు దిగి, తోక ఊపుతూ నిలబడి ఉంది. గేదె వేరు ఉమ్మేసింది. ఆపుకున్నదంతా ఒక్కసారిగా దగ్గింది.

"ఇదీ సంగతి, కొంగన్నా. రేవు తెరవొద్దని చెప్పు."

"బిడ్డ మీద ప్రేమ లేని దున్నపోతు బుద్ధి నీది," అని నక్క మీదికొచ్చింది. అరిచే ఊపులో దాని నోట్లో వేరు జారిపోయింది. ఇక అది దగ్గింది చూడండి, కళ్ళలో నీళ్ళు కారేలా. వెనక వరసంతా అందుకుంది. సింహం తల తిప్పుకుంది.

"నాకీ పని నువ్వే సులువు చేశావు, మంత్రీ," అని కొంగ ఎగిరిపోయింది.

సింహం సభకి పోలేదు, మందు కావాలని ఏనుగుకి కబురంపింది. నక్కని తను జబ్బువాళ్ళని తోసిన గుహలోనే, వాళ్ళ పక్కనే పడుకోబెట్టారు. మూడోరోజు ఏనుగు పంపిన ఆకుల మోపులు తెప్పల మీద తేలి వచ్చాయి. అడిగితేనే ఇస్తారు, ఉందంటేనే అడుగుతారు. ఇంత చిన్న విషయం ఆ సింహానికి ఒక గేదె నేర్పాల్సి వచ్చింది.

గేదె కోలుకుంది. రేవు మాత్రం ఇంకా తెరవలేదు. అవతల దూడకి కొమ్ములు మొలుస్తున్నాయి. కొత్త కొమ్ము మొదట్లో దురద పెడుతుందని, అక్కడ నాకితే హాయిగా ఉంటుందని ఆ తల్లికి తెలుసు. నీళ్ళలో నిలబడి చూస్తూ ఉంటుంది.

నీతి: రోగాన్ని దాచిన చోటికి మందు దారి తెలుసుకుని రాదు.