తిమ్మక్క మేసిన తోట

నీడకు ఒక్క చెట్టు కూడా లేని మెట్టనేల అది. గాలి లేచిందంటే ఎవరి తోకైనా ఒక పక్కకే తిరగాలి. అలాంటి చోట ఎద్దు లింగన్న బావి పక్కన ద్రాక్షతోట వేశాడు. నక్క కదిరప్ప కూడా ఆ పక్కనే వేశాడు. కష్టం మీద ప్రేమతో కాదులెండి. గుట్ట అవతలి ముసలినక్క "కాయలు వేలాడే తోట చూపిస్తేనే పిల్లనిస్తా" అని తేల్చి చెప్పాడు.

వానలు తగ్గిపోయాక లింగన్న మేక తిమ్మక్కను తోటలోకి పిలిచాడు. ఆమె ఆకులు, చివుళ్లు మేసేసి పందిరి మీద పుల్లలు మిగిల్చింది. కంచె సందులోంచి చూసిన కదిరప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. ఆ పుల్లలే చిగురించి, పూతపట్టి, గుత్తులు దించాయి. కదిరప్ప తోటలో ఆకు దండిగానే ఉంది గానీ గుత్తులు అక్కడొకటి, ఇక్కడొకటి. పిల్ల తండ్రి వచ్చే రోజేమో దగ్గరపడుతోంది. కదిరప్పకు తిండి సయించలేదు. కిటుకంతా ఆ మేక నోట్లోనే ఉందనుకున్నాడు.

"తిమ్మక్కా, నా తోట కూడా ఒకసారి మేసిపో."

"ఇప్పుడా? గుత్తులు దిగినాయి కదప్పా! లింగన్నను ఒక మాట అడుగు."

"ఆయప్ప నిజం చెప్తాడా? నీకు చేతగాకుంటే చెప్పు."

"మేసేది నాకు చేతగాదా! గుత్తులు కూడానా?"

"ఆడ ఏం మిగిల్చినావో ఈడా అదే మిగిల్చు."

"నీ ఇష్టం నాయనా. రేపు నన్ను అనొద్దు."

తిమ్మక్క గుత్తులతో సహా అంతా మేసి, తృప్తిగా తేన్చి వెళ్లిపోయింది. కదిరప్ప రోజూ పుల్లల కింద కూర్చుని పైకి చూశాడు. ఒక్క పిందె కూడా కనబడలేదు.

పిల్ల తండ్రి రానే వచ్చాడు. "తోట యాడ అబ్బీ?"

"ఇదే మామా. కాస్తాది, కొంచెం ఓపిక పట్టు."

ముసలాయన కంచె మీదుగా పిలిచాడు. "లింగన్నా, ఈ పుల్లలు ఎప్పుడు కాస్తాయి?"

"కాపు దిగకముందు మేపాల్సింది, దిగినాక మేపినాడు. ఇంక వచ్చే ఏడే," అని లింగన్న ఆయనకొక గుత్తి అందించాడు.

ముసలాయన చివరి పండుదాకా తిని మీసాలు తుడుచుకున్నాడు. "అట్లయితే నువ్వూ వచ్చే ఏడు కనబడు అబ్బీ. మా పిల్ల అందాకా ఆగితే చూద్దాం."

పక్కవాడి పని చూసి నేర్చుకునేవాడు, అతను దాన్ని ఏ అదనులో చేశాడో కూడా చూసుకోవాలి.