పొగడవలస ఇచ్చిన జీతం

జగ్గయ్య పంతులుగారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ప్రశ్న విని, ఒకసారి తల ఊపి, చేతిలో ఉన్న పని చేసుకుంటూ పోయేవారు. కొన్నిటికి జవాబు ఆ వారంలోనే దొరికేది. కొన్నిటికి ఏడాది పట్టేది. ఎప్పటికీ దొరకనివీ ఉండేవి. నాగావళి ఒడ్డున ఆయన పెంకుటింటి వసారాలో చదువుకున్నవాళ్లే చుట్టుపక్కల ఊళ్లలో వీధిబడులు నడుపుతూ ఉండేవారు. ఏ ఊరికి పంతులు కావలసివచ్చినా ఆయన దగ్గరికే వచ్చేవారు. పంతులుతో పేచీ వచ్చినా ఆయన దగ్గరికే వచ్చేవారు.

ఆ ఏడు కోతలయ్యాక పొగడవలస పెద్ద బంగారునాయుడు అలాంటి పేచీ ఒకటి పట్టుకుని వచ్చాడు. వాళ్ల బడిపంతులు సూరన్న జగ్గయ్యగారి శిష్యుడే. జీతం కింద ఏటా ఇచ్చే గింజలు చాలడం లేదనీ, పెంచకపోతే బడి వదిలి పట్నంలో ఏదో కొట్లో గుమస్తాగా చేరిపోతాననీ కబురు పెట్టాడట.

"సదువు సెప్పడమంటే పున్నెం గదా బాబూ! దానికి బేరాలేటండీ?" అన్నాడు నాయుడు. "ఊళ్లో ఆయన ఎదురుపడితే ముసలోళ్లు కూడా పక్కకి తప్పుకుంటారు. దసరాకి శాలువా కప్పుతాం. ఇంకేటి తక్కువ సేసాం? తమరు సూస్తే ఏనాడూ ఎవర్నీ సెయ్యి సాపి అడగలేదు. తమరి మాటైతే ఇంటాడు. ఓ మాట సెప్పండి."

పంతులుగారు తల ఊపారు.

వసారాలో ఓ పక్కన కూర్చుని ఇదంతా విన్నవాడు గవరయ్య. తల్లి నలుగురిళ్లలో వడ్లు దంచి పెంచిన కొడుకు. అక్కడ చదువు పూర్తిచేసి, వచ్చే నెలలో ఏరుదిబ్బ అనే చిన్న ఊళ్లో బడి పెట్టబోతున్నాడు. ఆ ఊరివాళ్లతో, రెండు పూటలా ఇంత అన్నం పెడితే చాలు, ఇంకేమీ పుచ్చుకోనని మాట ఇచ్చి వచ్చాడు. ఆ మాట ఇచ్చినప్పుడు వాళ్ల కళ్లలో కనిపించిన గౌరవం అతనికి ఇంకా గుర్తే. సూరన్న కబురు వింటుంటే అతనికి ఒళ్లు మండింది. నాయుడు వెళ్లగానే ఆగలేకపోయాడు.

"గురువుగారూ, చదువు చెప్పేవాడు ఇంత కావాలి, అంత కావాలి అని అడగవచ్చునా? అడిగినవాడు గురువు ఎలా అవుతాడు?"

పంతులుగారు ఉత్తరీయం దులిపి భుజాన వేసుకున్నారు. "రేపు పొద్దున్న బయల్దేరదాం. పొగడవలస చూసి చాలా కాలమైంది" అన్నారు.

ఎండ ముదరకముందే ఇద్దరూ ఆ ఊరు చేరారు. ఊరు మొదట్లోనే బడి. పెద్ద తాటాకుల పాక. లోపల పిల్లలంతా ఒక్క గొంతుతో అక్షరమాల చదువుతున్నారు. ఎక్కడా తడబాటు లేదు. ఆ చదువు వింటూ గవరయ్య దారిలోనే నిలబడిపోయాడు. సూరన్న ఎలాంటివాడైనా పిల్లలకి మాత్రం శ్రద్ధగానే చెబుతున్నాడనుకున్నాడు. లోపలికి వెళదామా అన్నట్టు గురువుగారి వంక చూశాడు. ఆయన అప్పటికే నాయుడి ఇంటివైపు నడుస్తున్నారు.

నాయుడి ఇంట్లో వాళ్లకి మర్యాదలు ఘనంగా జరిగాయి. కాళ్లకి నీళ్లిచ్చారు, పీటలు వేశారు. ఊళ్లో పెద్దలు నలుగురైదుగురు వచ్చి చేరారు. భోజనాల వేళకి నాయుడి మనవడు చంద్రినాయుడు బడినుంచి వచ్చి తాత పక్కన నిలబడ్డాడు. పదేళ్లవాడు, చురుకైన కళ్లు. వీడికి చదువంటే ప్రాణమని తాత అందరికీ చెప్పుకున్నాడు.

విస్తళ్లు వేశారు. అన్నం వడ్డించబోతుంటే పంతులుగారు చెయ్యి అడ్డం పెట్టి, తన ముందున్న అడ్డాకుల విస్తరిని కాసేపు పరికించి చూశారు. ఆకు మీద ఆకు సరిగ్గా కూర్చుని ఉంది. పుల్లలు ఒకదాని పక్కన ఒకటి సమంగా దిగి ఉన్నాయి. ఎక్కడా చిరుగు లేదు.

"ఎంత బాగా కుట్టారు! ఎవరి పనితనం ఇది?"

"నేనే కుట్టానండీ!" అన్నాడు చంద్రినాయుడు. వాడి ముఖం వెలిగిపోయింది.

"ఎక్కడ నేర్చుకున్నావు నాయనా?"

"బడిలోనండీ. అందరం కుడతాం. నా అంత జోరుగా ఇంకెవరూ కుట్టలేరు."

పెద్దలు నవ్వారు. పంతులుగారు కూడా చిరునవ్వు నవ్వి, వాణ్ని దగ్గరికి పిలిచారు. పక్కనున్న పుల్ల ఒకటి తీసుకుని నేల మీద దుమ్ములో పెద్ద పెద్ద అక్షరాలతో ఒక పేరు రాశారు. "ఇదేమిటో చదువు చూద్దాం" అన్నారు.

కుర్రవాడు వంగి చూశాడు. పెదవులు కదిలాయి. మాట పైకి రాలేదు. కాసేపటికి మొదటి అక్షరం మీద వేలు పెట్టి, కళ్లు మూసుకుని, పొద్దున్న బడిలో చదివినట్టే 'అ' దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. అచ్చులు దాటాడు. హల్లులలోకి వచ్చాడు. 'బ' దగ్గరికి వచ్చి ఆగి కళ్లు తెరిచాడు. "ఇది బ అనుకుంటానండీ" అన్నాడు. రెండో అక్షరానికి మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. అందులో సగంలో ఎక్కడో దారి తప్పి, బిక్కమొహం వేసుకుని తాత వైపు చూశాడు.

బంగారునాయుడికి చదువు రాదు. ఒక్క తన పేరు మాత్రం ఎక్కడ కనిపించినా గుర్తుపట్టగలడు. ఇప్పుడు నేల మీద ఉన్నది ఆ పేరే.

వడ్డన ఆగిపోయింది. నాయుడు లేచి నిలబడి సూరన్నను పిలవమని కేక వేశాడు.

సూరన్న వచ్చాడు. నలభై దాటి ఉండవు, కాని జుట్టు నెరిసిపోయింది. గురువుగారిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. నేల మీది అక్షరాలూ, విస్తరీ, కుర్రవాడి ముఖమూ చూశాక అతనికి ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

"మా పిల్లల్ని బడికి పంపింది ఆకులు కుట్టడానికా పంతులూ?" అన్నాడు నాయుడు.

సూరన్న తల దించుకుని, ఎవరివంకా చూడకుండా చెప్పాడు.

"మొదట్లో ఇంటి దగ్గర నేనే కుట్టుకునేవాణ్ని. సంతలో అమ్మితే పప్పూ ఉప్పూ వచ్చేవి. మా చిన్నమ్మాయికి జబ్బు చేశాక అవీ చాలలేదు. పిల్లలు అక్షరాలు దిద్దుతున్నప్పుడు నా చేతులు ఖాళీగానే ఉంటాయి కదా అని ఆకులు బడికి తెచ్చుకున్నాను. పిల్లలు సరదాపడి ఒకటీ రెండూ కుట్టారు. వద్దనలేదు. ఆ తరవాత రోజూ కుట్టారు. పొద్దున్న దారినపోయేవాళ్లు వింటారని అక్షరాలు చదివించేవాణ్ని. మిగతా పొద్దంతా ఆకులే. పాఠం ఏ రోజున ఆగిపోయిందో నాకే తెలియదు."

గవరయ్యకు అసహ్యం వేసింది. దాని వెనకే, అతని ప్రమేయం లేకుండానే, ఏదో భయం కూడా వేసింది.

"సాలకపోతే ముందే మాతో సెప్పాల గదా!" అన్నాడు నాయుడు.

"చెప్పాను నాయుడుగారూ. పోయిన దసరాకి చెప్పాను, అంతకుముందు దసరాకీ చెప్పాను. మీరు శాలువా కప్పారు."

పెద్దలలో ఒకాయన దగ్గాడు. ఇంకొకాయన పైపంచె సర్దుకున్నాడు. నాయుడు పంతులుగారి వైపు తిరిగాడు.

"సూసారా బాబూ! మేం ఇవ్వలేదే అనుకోండి. ఇవ్వకపోతే మాత్రం ఇలా సేస్తారా?"

"ఇవ్వలేదని ఎవరన్నారు నాయుడుగారూ?" అన్నారు పంతులుగారు నెమ్మదిగా. ఆయన చెయ్యి కుర్రవాడి తల మీద ఉంది. "ఇచ్చారు. మీ ఇంటినుంచీ ఇచ్చారు, ఊళ్లో ప్రతి ఇంటినుంచీ ఇచ్చారు. సూరన్న అడిగినదానికంటే ఎన్నో రెట్లు ఇచ్చారు."

నాయుడు మనవడి వంక చూశాడు. చూరు కింద గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

పంతులుగారు విస్తరి ముందునుంచి లేచి శిష్యుడి దగ్గరికి వెళ్లారు. "సూరన్నా, నువ్వు చేసింది తప్పు. దాన్ని నేను తప్పు కాదనలేను. నాకు ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది గురువుగారూ. మీరు ఎన్నడూ ఎవరినీ అడగలేదు కదా. అడగవలసివచ్చిందని మీకు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

"నేను అడగని మాట నిజమే" అన్నారు పంతులుగారు. "నాకు మా నాన్నగారు వదిలిపోయిన మాగాణి ఉంది."

ఆ మాట ఆయన సూరన్నతోనే అన్నారు. తగిలింది మాత్రం గవరయ్యకి. గురువుగారి ఇంటి వెనక ఉన్న ఆ మాగాణి అతను రోజూ చూస్తున్నదే. ఆ గట్ల మీద నడిచే స్నానానికి వెళ్లేవాడు, ఆ బియ్యమే రోజూ తిన్నాడు. గురువుగారి నిరాడంబరత్వం గురించి తోటి శిష్యులతో ఎన్నోసార్లు మాట్లాడుకున్నాడు. ఆ మాటల్లో ఆ పొలం ఊసు ఎప్పుడూ రాలేదు.

ఆ మధ్యాహ్నం పొగడవలస పెద్దలు నాయుడి అరుగు మీదే కూర్చున్నారు. ఒకరిద్దరు సూరన్నను వెళ్లగొట్టాలన్నారు. వెళ్లగొట్టి కొత్తవాణ్ని తెచ్చి ఈ గింజలే ఇస్తే, అతని చేతిలో మాత్రం మన పిల్లలు ఏమి నేరుస్తారని నాయుడే అడిగాడు. చివరికి, పంతులు కుటుంబం ఏడాది పొడుగునా తినగలిగేటంత గింజలు ఇంటింటినుంచీ కొలిచి ఇవ్వాలనీ, అది ఎవరికీ పుణ్యంకింద లెక్క కాదనీ తేల్చుకున్నారు. బడిలో ఆకు కనిపించకూడదన్నారు. సూరన్న ఉండనన్నాడు. ఆ పిల్లల ముందు మళ్లీ ఎలా కూర్చుంటానన్నాడు. "వాళ్లకి అప్పజెప్పవలసిన చదువు అప్పజెప్పాక వెళుదువుగాని" అన్నారు జగ్గయ్యగారు. దానికి అతను ఒప్పుకున్నాడు.

మర్నాటినుంచి చంద్రినాయుడు అప్పుడే బడిలో చేరిన పసివాళ్ల పక్కన కూర్చుని మళ్లీ ఓనమాలు మొదలుపెట్టాడు. మొదట్లో రోజూ ఏడుస్తూ ఇంటికి వచ్చేవాడట. ఆ ఏడు గడిచేసరికి చదవడం వచ్చింది. వాడికంటే ముందు బడి విడిచి పొలాల్లోకీ పశువుల వెంటా వెళ్లిపోయిన పిల్లలు చాలామంది ఉన్నారు. సాయంకాలాలు వచ్చి కూర్చోమని సూరన్న వాళ్ల ఇళ్లకి తిరిగి తిరిగి బతిమాలాడు. కొందరు వచ్చారు. చాలామందికి తీరిక లేకపోయింది. సూరన్న జుట్టు పూర్తిగా తెల్లబడేదాకా ఆ ఊళ్లోనే ఉన్నాడు గాని, దసరాకి శాలువా మాత్రం మళ్లీ కప్పించుకోలేదు.

అదంతా తరవాతి మాట. ఆ రోజు పొద్దు వాలుతుండగా గురువూ శిష్యుడూ తిరుగుదారి పట్టారు. ఏరుదిబ్బవాళ్లకి ఇచ్చిన మాట గవరయ్యను పీడిస్తోంది. నిన్నటిదాకా ఆ మాట తలుచుకుంటే ఒళ్లు పొంగేది. ఇప్పుడు తల్లి గుర్తుకొచ్చింది, రోకలి పట్టి కాయలు కాసిన ఆమె చేతులు గుర్తుకొచ్చాయి. రేపు పెళ్లయి పిల్లలు పుడితే వాళ్లకి ఏమి పెడతాడో ఇంతవరకూ ఆలోచించనేలేదు. అయినా తను సూరన్నలాంటివాడు కాడని మనసు మొండికేస్తూనే ఉంది. ఆఖరికి ఉండబట్టలేక అడిగాడు.

"గురువుగారూ, నేను ఏమీ పుచ్చుకోనని మాట ఇచ్చాను. మంచి మనసుతోనే ఇచ్చాను. ఆకలి వేసినా ఓర్చుకోగలను. అందులో తప్పేమిటి?"

పంతులుగారు నడక ఆపలేదు. కొంత దూరం పోయాక, అడుగు తగ్గించి, శిష్యుణ్ని పక్కకి రానిచ్చి అడిగారు.

"నీకు ఆకలి వేసినప్పుడు, గవరయ్యా, ఆ బడిలో నీ చేతికి అందరికంటే దగ్గరగా ఉండేది ఎవరు?"